నాయనమ్మ మల్లె కొమ్మ పెరట్లో నాటితే ఆకులు పసుపెక్కుతున్నాయి, ఎలా కాపాడుకోవాలి?

పెరటి_పద్మ
తెనాలి దగ్గర మా నాయనమ్మగారింట్లో బావి పళ్లెం పక్కన ఒక దొంతరమల్లె ఉండేది. వేసవిలో సాయంత్రం ఐదయ్యేసరికి నాయనమ్మ పూలసజ్జ పట్టుకుని మొగ్గలు కోసేది, మేం అరుగు మీద కూర్చుని మాలలు కట్టేవాళ్లం. 2022లో ఆ ఇల్లు అమ్మేశారు. అప్పగించే ముందు వానల్లో వెళ్లి ఆరు కొమ్మలు తెచ్చుకున్నా. ఐదు కుళ్లిపోయాయి, ఒకటి బతికింది. కొన్నవాళ్లు బావి పూడ్చి, చెట్టు తీసేసి అక్కడ కారు షెడ్డు వేశారట. ఆ చెట్టు ఆనవాలు ఇప్పుడు నా దగ్గరున్న ఈ కొమ్మ ఒక్కటే.

ఏడాది కుండీలో పెంచితే కళకళలాడింది. 2023 జులైలో గుంటూరులో మేం కొత్తగా కట్టుకున్న ఇంటి పెరట్లో నేలలో నాటాను. నేలలో అయితే ఇంకా బాగా గుబురెక్కుతుంది అనుకున్నా. ఏడాదిన్నర అయింది, మూడడుగులు దాటలేదు. పోయిన వేసవి మొత్తం మీద పాతిక పూలు పూసి ఉంటాయేమో. ఇప్పుడు ఆకులు పసుపెక్కుతున్నాయి. సంక్రాంతికి మా అత్తగారు చూసి "ఇది బతకదులే అమ్మాయ్, కొత్తది కొనుక్కో" అన్నారు. కొత్తది కొంటే అది నాయనమ్మది కాదు కదా. వర్మీకంపోస్టు వేశా, వేపపిండి వేశా, రోజూ నీళ్లు పోస్తున్నా. ఇంకేం చేయాలో చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

కుండీల_కిరణ్
కుండీలో బాగున్నదాన్ని నేలలో ఎందుకు పెట్టారండీ? తవ్వి మళ్లీ కుండీలోకి మార్చేయండి. నా టెర్రస్ మీద ఏడు మల్లెలున్నాయి, అన్నీ కుండీల్లోనే, ఏ గొడవా లేదు.

లక్ష్మీప్రియ_గుంటూరు
కిరణ్ గారూ, మల్లెకి నేలే మేలు. కుండీలో నాలుగేళ్లయ్యేసరికి వేళ్లు చుట్టలు చుట్టుకుని పూత పడిపోతుంది, మా ఇంట్లో అదే అయింది. పద్మా, ఎప్సమ్ సాల్ట్ వెయ్యి. లీటరుకి ఒక చెంచా. నా గులాబీలకి పసుపు అలాగే పోయింది.

బామ్మగారి_మనవడు
డీఏపీ ఎరువు నాలుగు గింజలు మొదట్లో వేయండి. పూలకి దాన్ని మించింది లేదు.

నేలతల్లి99
ఆగండి ఆగండి. ఏ ఆకులు పసుపెక్కాయో అడక్కుండానే మందులు రాసేస్తే ఎలా? పద్మ గారూ, కింది ముదురాకులా, చివర్ల లేతాకులా? ఆకు మొత్తం పసుపా, ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో మాత్రమే పసుపా? ఈ రెండూ చూసి చెప్పండి. వెలుతురులో చూడండి, లైటు కింద కాదు.

పెరటి_పద్మ
ఇప్పుడే వెళ్లి చూసొచ్చా. కింది ఆకులు బానే ఉన్నాయి. పైన కొత్తగా వచ్చినవే పసుపు. ఎండకి ఎదురుగా పట్టుకుంటే సన్నటి ఈనెలు కూడా పచ్చగా గీత గీసినట్టు కనిపిస్తున్నాయి, మధ్యలో అంతా నిమ్మపండు రంగు. బాగా చివరి ఆకులైతే దాదాపు తెల్లగా ఉన్నాయి, అంచులు మాడాయి.

నేలతల్లి99
అయితే అది ఇనుము లోపం. లక్ష్మీప్రియ గారు చెప్పిన ఎప్సమ్ సాల్ట్‌లో ఉండేది మెగ్నీషియం. మెగ్నీషియం తక్కువైతే మొక్క ముదురాకుల్లోంచి లాగి లేతాకులకి ఇచ్చుకుంటుంది, అందుకని కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి. ఇనుముని అలా కదల్చలేదు. కింద ఉన్నది కిందే ఉండిపోతుంది, కొత్తాకులకి దక్కదు. వారి గులాబీకి పని చేసింది నిజమే అయ్యుంటుంది, ఇక్కడి జబ్బు వేరు.

నేలలో ఇనుము లేక కాదు ఇలా అయ్యేది. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము వేళ్లు అందుకోలేని రూపంలోకి మారిపోతుంది. అన్నం వండి కుండకి మూత బిగించేసినట్టు. మల్లెకి నేల పీహెచ్, అంటే పులుపు-క్షారం కొలత, ఆరున్నర నుంచి ఏడున్నర మధ్య ఉంటే హాయి. ఎనిమిది దాటిందంటే ఇదిగో ఇలాగే చివర్లు తెల్లబోతాయి.

పరీక్ష తేలిక. మొక్క మొదట్లో జానెడు లోతున మట్టి గుప్పెడు తీసి, ఆరబెట్టి, సాసర్లో వేసి దాని మీద వంటింటి వెనిగర్ పోయండి. బుడగలొస్తే సున్నం ఉన్నట్టు.

లక్ష్మీప్రియ_గుంటూరు
ఇన్నేళ్లుగా పసుపంటే ఒకటే అనుకున్నాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నా, పద్మా.

మైలవరం_మల్లెతోట
డీఏపీ మాత్రం వేయొద్దమ్మా. అందులో ఉండే భాస్వరం ఎక్కువైతే ఉన్న ఇనుము కూడా చిక్కుపడిపోతుంది. ఇంకో మాట, రోజూ నీళ్లు ఎందుకు పోస్తున్నావు? జనవరిలో మల్లెకి నీళ్లు ఆపాలి గానీ పోస్తారా? మాది ఎకరం తోట. వివరంగా రాత్రికి రాస్తా, ఇప్పుడు బయటున్నా.

అమీర్‌పేట_అనిత
పద్మ గారూ, ఏ నీళ్లు పోస్తున్నారు? బోరా, మున్సిపాలిటీ నీళ్లా?

పెరటి_పద్మ
బోరు నీళ్లే. కుళాయిల మీద తెల్లటి పొర కడుతుంది, అంత ఉప్పు. ఇంకా... వాటర్ ఫిల్టర్‌లోంచి వృథాగా పోయే నీళ్లున్నాయి కదా, పారబోయడం ఎందుకని ఆ పైపు పెరట్లోకి తిప్పించాను. అది మల్లె మొదట్లోకే వెళ్తుంది.

నేలతల్లి99
ఆ పైపు ఈ రోజే తిప్పేయండి. మీరు తాగే నీళ్లలోంచి తీసేసిన ఉప్పు, సున్నం అన్నీ ఆ వృథా నీళ్లలోనే చేరతాయి. బోరు నీళ్ల కంటే చిక్కన. అంట్లకో, బాత్రూం కడగడానికో వాడుకోండి. మొక్కకి వాన నీళ్లు, లేదంటే ఏసీలోంచి కారే నీళ్లు మంచివి.

పెరటి_పద్మ
తిప్పేశా. వెనిగర్ పరీక్ష కూడా చేశా.

గునపంతో తవ్వితే పైన నాలుగు వేళ్ల మందం నల్లమట్టి, దాని కింద బూడిద రంగులో గట్టిగా ఏదో తగిలింది. చేత్తో తీసి చూస్తే సిమెంటు గడ్డలు, ఇసుక, ఇటుక ముక్కలు. అప్పుడు గుర్తొచ్చింది, ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు మాలు కలిపింది సరిగ్గా అక్కడే. పైన ట్రాక్టరు నల్లమట్టి పోయించి చదును చేయించాం. ఆ బూడిద మట్టి మీద వెనిగర్ పోయగానే సోడా కొట్టినట్టు బుస్సుమని నురగ లేచింది. పైనున్న నల్లమట్టి మీద పోసినా బుడగలొచ్చాయి, కాకపోతే నెమ్మదిగా. ఏడాదిన్నరగా దాన్ని నేనే సున్నంలో నిలబెట్టాను.

కుండీల_కిరణ్
ఇప్పుడైనా తవ్వి కుండీలోకి మార్చండి. ఇంకా ఎందుకు ఆలస్యం?

నర్సరీ_నాగరాజు
వద్దు మేడమ్. నేను కడియం నర్సరీల్లో పన్నెండేళ్లు పని చేశా. నీరసంగా ఉన్న మొక్కని, అదీ ఒక్కటే ఉన్నప్పుడు, పెకలించకూడదు. సగం వేళ్లు తెగుతాయి, మిగిలిన సగం ఈ ఆకుల్ని పోషించలేవు. బతికితే అదృష్టం, చస్తే మీ నాయనమ్మగారి చెట్టు మళ్లీ ఎక్కడా దొరకదు.

అందరూ మందులు చెప్తున్నారు గానీ ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. దీనికి జత తయారు చేయండి. నేల అంటు కట్టండి. కొమ్మ తల్లి నుంచి తెగదు కాబట్టి తల్లే పాలు ఇస్తూ ఉంటుంది, కత్తిరించిన కొమ్మలాగా కుళ్లే భయం తక్కువ.

నేలకి దగ్గరగా వంగే కొమ్మ ఒకటి చూసుకోండి, పెన్సిలు లావు, మరీ లేతది కాదు మరీ ముదురుది కాదు. చివర జానెడున్నర వదిలేసి, ఒక కణుపు కింద అంగుళం మేర బెరడు చాకుతో గీకండి. ఒక చిన్న కుండీ పక్కనే పెట్టి అందులో ఎర్రమట్టి, ఇసుక, వర్మీకంపోస్టు సమానంగా కలపండి. మీ పెరటి మట్టి మాత్రం చెంచాడు కూడా వద్దు. గీకిన చోటు రెండంగుళాల లోతున పూడ్చి, తీగ ముక్కని జడపిన్నులా వంచి గుచ్చండి, పైన సగం ఇటుక పెట్టండి. చివర మాత్రం పైకి నిలబెట్టి పుల్లకి కట్టండి. మట్టి తడి ఆరనివ్వొద్దు. ఎండాకాలం మొదలయ్యాక వేళ్లు జోరందుకుంటాయి, రెండు మూడు నెలలు పడుతుంది. మెల్లగా లాగితే కొమ్మ రాకుండా పట్టి ఉంటే వేళ్లొచ్చినట్టు. అప్పుడు తల్లి వైపు కోయండి.

రెండు కొమ్మలు దొరికితే రెండు కట్టండి.

డాలస్_సుధ
నాగరాజు గారి మాట ముమ్మాటికీ నిజం, నేను అనుభవించాను. నాది రాజమండ్రిలో అమ్మ వాళ్లింటి మల్లె కాదు, ఇక్కడే డాలస్‌లో ఒక తెలుగావిడ ఇచ్చిన కొమ్మ. ఆవిడ పోయారు, వాళ్ల పిల్లలు ఇల్లు అమ్మేసుకున్నారు. మా పెరట్లో నాటాను. ఇక్కడ నేల కూడా మన నల్లరేగడి లాంటిదే, ఎండలో చెయ్యి పట్టేంత పగుళ్లు, వానకి బూటు వదలదు. హ్యూస్టన్ బ్లాక్ అంటారు, టెక్సస్‌కి రాష్ట్ర మట్టి అది. సున్నం కూడా ఎక్కువే. అందులోనే నాలుగేళ్లు పెంచుకున్నా.

2021 ఫిబ్రవరిలో ఆ చలి వచ్చింది. మైనస్ 18 కంటే కిందికి పడిపోయింది. దుప్పట్లు కప్పాను, బల్బు పెట్టాను, కరెంటు పోయింది. నాలుగు రోజుల తర్వాత దుప్పటి తీస్తే ఆకులు ఉడికిన ఆకుకూరలా వేలాడుతున్నాయి. బెరడు గీకితే మొదలు దాకా గోధుమ రంగే. మే దాకా ఎదురుచూశా, చిగురు రాలేదు.

అంతకు రెండేళ్ల ముందు మా ఆఫీసులో ఫిలిప్పీన్స్ ఆవిడకి ఒక కొమ్మ ఇచ్చి ఉన్నా. వాళ్లకీ మల్లె ప్రాణం. సంపగీత అంటారు, వాళ్ల జాతీయ పుష్పం ఇదే. ఆవిడ కిటికీ దగ్గర కుండీలో పెట్టుకుంది, బతికింది. నా సంగతి విని మళ్లీ కొమ్మ తుంచి తెచ్చింది, తడి టిష్యూలో చుట్టి, లంచ్ బాక్సులో పెట్టి. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది అదే. ఆ రోజు ఇవ్వకపోయి ఉంటే ఆ తెలుగావిడ మల్లె అక్కడితో అయిపోయేది.

పద్మా, జత కట్టు. కట్టి ఇంకో ఇంట్లో పెట్టు, నీ ఇంట్లోనే రెండూ పెట్టుకోకు.

బామ్మగారి_మనవడు
లంచ్ బాక్సులో మల్లె కొమ్మ... నాకు ఏడుపొచ్చింది. మా ఆవిడకి చదివి వినిపించా.

మైలవరం_మల్లెతోట
పొద్దున్న చెప్పిన మాట ఇప్పుడు పూర్తి చేస్తా. మల్లెకి ఏడాదిలో ఒకసారి నిద్ర కావాలి. మేం డిసెంబరు, జనవరి నెలల్లో నీళ్లు ఆపి ఎండగడతాం. ఆకు దానంతటదే కొంత రాలుతుంది. మా ఊళ్లో చాలామంది గొర్రెల మందని తోటలోకి తోలి ఆకు మేపిస్తారు, పెంట కూడా నేలకి దక్కుతుంది. తర్వాత కొమ్మల చివర్లు, ఎండు పుల్లలు, లోపలికి పోయే సన్న కొమ్మలు కత్తిరిస్తాం. మోకాలెత్తు ఉంచుతాం. తవ్వి, పశువుల ఎరువు వేసి, అప్పుడు నీళ్లు వదులుతాం. ఎండిన నేలకి నీళ్లు తగలగానే కొత్త చిగురు, చిగురుతో పాటే మొగ్గ. మల్లె మొగ్గ పాత కొమ్మకి రాదమ్మా, కొత్త చిగురుకే వస్తుంది. నువ్వు ఏడాది పొడుగునా నీళ్లు పోస్తున్నావు, కత్తెర వేయడం లేదు. అది ఆకు వేసుకుంటూ కూర్చుంది. పూలు తక్కువ అవడానికి సగం కారణం ఇదే.

నేలతల్లి99
పెద్దాయన మాట కాదనను. కానీ ఇప్పుడున్న స్థితిలో మోకాలెత్తుకి నరికితే కోలుకుంటుందా? ఆకులోనే కదా దాని తిండి. ముందు ఇనుము పిచికారీ చేసి, నాలుగు పచ్చటి ఆకులు వచ్చాక కత్తిరిస్తే మంచిదని నా అభిప్రాయం.

మైలవరం_మల్లెతోట
తోటలో అలా చూస్తూ కూర్చుంటే ఫిబ్రవరి దాటిపోతుంది, సీజనే పోతుంది. కానీ ఆమెది ఒక్క మొక్క, బేరం లేదు, మార్కెట్టు లేదు. సరే, మీరన్నట్టే కానివ్వండి. చివర్లు మాత్రం ఇప్పుడే గిల్లేయమ్మా, ఆ తెల్లబోయిన ఆకులు ఎలాగూ కోలుకోవు. అంటు కట్టే కొమ్మ జోలికి మాత్రం పోవద్దు.

పిచికారీకి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉండే ఉప్పు) అడుగు, ఎరువుల కొట్లో దొరుకుతుంది. లేత ఆకుపచ్చగా పటికబెల్లం పలుకుల్లా ఉండాలి. తుప్పు రంగు తిరిగి ఉంటే పాతది, తీసుకోవద్దు. లీటరు నీళ్లకి 5 గ్రాములు, అందులో గ్రాము నిమ్మ ఉప్పు. నిమ్మ ఉప్పు లేకపోతే ఒక నిమ్మకాయ పిండు. బోరు నీళ్లు కాదు, మంచి నీళ్లలో కలుపు. కలిపిన వెంటనే కొట్టాలి, నిలవ పెడితే తుప్పు నీళ్లవుతాయి. సాయంత్రం, ఆకు అడుగున కూడా తడిసేలా. వారానికొకసారి, మూడు సార్లు. గచ్చు మీద పడితే మరక పోదు, గోనె పరుచుకో.

ఎర్రమట్టి
పుల్ల మజ్జిగ పోస్తే సరిపోదా? మా అమ్మ కరివేపాకుకి అదే పోస్తుంది, బ్రహ్మాండంగా ఉంది.

నేలతల్లి99
మామూలు నేలలో మజ్జిగ మేలే చేస్తుంది. ఇక్కడ కింద సిమెంటు ఉంది. దాని ముందు గ్లాసుడు మజ్జిగ పులుపు ఎంతసేపు నిలుస్తుంది? గంధకం పొడి కూడా ఇలాంటి చోట మెల్లగా, కొద్దిగానే పని చేస్తుంది. సున్నం అంతా కరిగాకే పీహెచ్ దిగుతుంది, ఆ సున్నం బస్తాల్లో ఉంది. అసలు మందు ఆ మాలు గడ్డల్ని తీసి బయట పారేయడం.

నర్సరీ_నాగరాజు
దానికీ పద్ధతుంది. మొక్కని కదపకుండా, మొదలుకి అడుగున్నర దూరంలో ఒక వైపు మాత్రమే అర్ధచంద్రంలా గుంట తీయండి. అడుగున్నర లోతు. గడ్డలన్నీ ఏరి పారేసి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. వేళ్లు వాటంతటవే మంచి మట్టి వైపు పాకుతాయి. రెండో వైపు వచ్చే ఏడాది. రెండు వైపులా ఒకేసారి తవ్వితే పెకలించినట్టే.

అమీర్‌పేట_అనిత
నాకొక సందేహం. కొమ్మతో పెంచిన మొక్కకి తల్లి వయసే వస్తుందా? మా అపార్ట్‌మెంట్లో ఒకాయన "ముసలి చెట్టు కొమ్మ పెడితే త్వరగా పోతుంది" అన్నారు. పద్మ గారి నాయనమ్మ చెట్టు ఎన్నేళ్లదో.

పెరటి_పద్మ
నాయనమ్మ కాపురానికి వచ్చినప్పుడు నాటిందట, వాళ్ల పుట్టింటి నుంచి తెచ్చుకున్న కొమ్మ. అంటే అక్కడ ఇంకా పాతది.

నేలతల్లి99
ఆయన చెప్పింది నిజమైతే లోకంలో మల్లెలే ఉండేవి కావు. మనం పెంచే దొంతరమల్లె గింజ కట్టదు. ఎవరింట్లో ఉన్నా కొమ్మ నుంచి కొమ్మ, దాని నుంచి ఇంకో కొమ్మ, అలా చేతులు మారుతూ వచ్చిందే. కొమ్మకి తల్లి నుంచి వచ్చేది ముసలితనం కాదు, పూతకొచ్చే ఈడు. గింజ మొక్కలా ఏళ్లు ఆగక్కర్లేదు, వేళ్లు పట్టిన మొదటి వేసవికే పూస్తుంది. ఒక్క జాగ్రత్త ఉంది. తల్లికి తెగులు ఉంటే అదీ కొమ్మతో వస్తుంది, అందుకని ఆరోగ్యమైన కొమ్మే తీయాలి.

అంటే పద్మ గారూ, మీ దగ్గరున్నది మీ నాయనమ్మ చెట్టు "లాంటిది" కాదు. అదే చెట్టు. మీ నాయనమ్మ పుట్టింట్లో ఉన్నదీ అదే.

పెరటి_పద్మ
ఈ మాట మా అత్తగారికి చదివి వినిపించా. ఏమీ అనలేదు, కానీ సాయంత్రం గోనె పట్టా తెచ్చి మొక్క కింద పరిచింది ఆవిడే.

బామ్మగారి_మనవడు
అత్తగారి సపోర్ట్ దొరికింది, ఇక మొక్క బతికినట్టే :)

కుండీల_కిరణ్
నేను ఓడిపోయానని ఒప్పుకోను గానీ, కుండీ అంటు మాత్రం కుండీలోనే కదా పెంచుతారు :) ఒక చిన్న మాట, మా మల్లెల్లో ఒకటి గుండుమల్లె, ఒకటి దొంతర. మీది రేకులు ఎన్ని వరసలు?

లక్ష్మీప్రియ_గుంటూరు
మా వైపు గుండుమల్లె అన్నా బొండుమల్లె అన్నా ఒకటే. దొంతర అంటే రేకుల మీద రేకులు, మొగ్గ గుండ్రంగా బఠాణీ గింజలా ఉంటుంది.

ఎర్రమట్టి
మా నల్గొండలో బొడ్డుమల్లె అంటారు. పేరు ఏదైతేనేం, తలలో పెట్టుకుంటే బస్సంతా వాసనే.

పెరటి_పద్మ
ఫిబ్రవరి పదో తారీకు. ఇప్పటిదాకా జరిగింది రాస్తున్నా.

అన్నభేది మూడు సార్లు కొట్టాను. మొదటిసారి కొట్టిన ఐదో రోజున చూస్తే పసుపు ఆకుల మీద పచ్చటి చుక్కలు, వాన చినుకులు పడ్డట్టు. మందు బొట్టు ఎక్కడ పడిందో అక్కడ మాత్రమే పచ్చబడింది. అది చూసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను, వేళ్లతో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. కొత్తగా వచ్చిన రెండు జతల ఆకులు పూర్తిగా పచ్చగా ఉన్నాయి.

అర్ధచంద్రం గుంట తీయించాం. ఆరు తట్టల గడ్డలు వచ్చాయి. ఒక సిమెంటు బస్తా, బస్తాకి బస్తా గడ్డకట్టి ఉంది. నాగరాజు గారు చెప్పినట్టు రెండు కొమ్మలు అంటు కట్టాను. నీళ్లు పన్నెండు రోజులు ఆపి, మొన్న చివర్లు కత్తిరించి, ఎరువు వేసి, మున్సిపాలిటీ నీళ్లు పెట్టాను.

మైలవరం_మల్లెతోట
బాగుందమ్మా. ఇక చిగురు వచ్చేదాకా గిల్లడాలు, తవ్వడాలు వద్దు. చేతులు కట్టుకుని కూర్చో.

పెరటి_పద్మ
మార్చి చివరికొచ్చాం. మొగ్గలు! లెక్కపెడితే నలభై పైనే. కానీ కొన్ని మొగ్గలు ఊదారంగు తిరిగి రాలిపోతున్నాయి. మళ్లీ ఏమైంది?

మైలవరం_మల్లెతోట
మొగ్గ విప్పి చూడు. లోపల సన్నగా తెల్లటి పురుగులు ఉంటే అది మొగ్గ ఈగ. మొగ్గకి పక్కన కన్నం ఉండి లోపల ఆకుపచ్చ పురుగు ఉంటే అది మొగ్గ తొలిచే పురుగు. ఏదైనా సరే రాలినవి, రంగు మారినవి అన్నీ ఏరి కాల్చెయ్. నేల మీద వదిలేస్తే ఆ పురుగు మట్టిలోకి దిగి ప్యూపాగా మారి, ఈగై మళ్లీ లేస్తుంది. వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, చిటికెడు సబ్బు పొడితో కలిపి సాయంత్రం కొట్టు. తలలో పెట్టుకునే పూలు, గట్టి మందులు వద్దు.

పెరటి_పద్మ
సన్నటి తెల్లటివే ఉన్నాయి. రోజూ పొద్దున్నే అత్తగారు, నేను చాటలోకి ఏరుతున్నాం.

డాలస్_సుధ
మాకిక్కడ ఇంకా గరాజ్‌లోంచి కుండీలు బయట పెట్టలేదు. నీ మొగ్గల ఫొటో చూసి కడుపు నిండింది.

పెరటి_పద్మ
మే మొదటి వారం. నిన్న సాయంత్రం మాల కట్టాను. మూరెడు వచ్చింది. ముడి వేయడం మర్చిపోయాననుకున్నా, వేళ్లకి గుర్తుంది. సగం దేవుడికి, సగం అత్తగారికి.

అంటు రెండూ లాగితే రాలేదు. కోసి చూశా. ఒకదానికి తెల్లటి వేళ్లు కుండీ అంచు దాకా వచ్చాయి, రెండోదానికి నాలుగైదు పోగులే. బలంగా ఉన్నది మా పెదనాన్నకి ఇచ్చా. తెనాలిలో ఫ్లాట్‌లో ఉంటారు, బాల్కనీకి తూర్పు ఎండ వస్తుంది. ఆయన కుండీ అందుకుని ముందు ఆకు నలిపి వాసన చూశారు. మల్లె ఆకుకి వాసన ఉండదు పెదనాన్నా అన్నా. తెలుసులే అన్నారు.

నర్సరీ_నాగరాజు
రెండోదాన్ని నీడలోనే మూడు వారాలు ఉంచండి మేడమ్. ఇంత ఎండలో ఇప్పుడే నేలలో పెట్టొద్దు, వానలు పడ్డాకే.

అమీర్‌పేట_అనిత
అడగొచ్చో లేదో తెలీదు గానీ, వానాకాలంలో నాకొక కొమ్మ ఇస్తారా? మా ఇంటి నేల ఎర్రమట్టే, వెనిగర్ పోసి చూశా, బుడగలు రాలేదు.

ఎర్రమట్టి
నాకూ ఒకటి. నల్గొండ దాకా రావడం కష్టమైతే నేనే వచ్చి తీసుకెళ్తా.

పెరటి_పద్మ
తప్పకుండా. జూన్‌లో పూత తగ్గాక కత్తిరిస్తా, మొదటి వాన పడ్డాక గుర్తు చేయండి. అనిత గారూ, మా తమ్ముడు నెలకోసారి హైదరాబాద్ వస్తాడు, వాడితో పంపిస్తా. ఒక్కొక్కరికి మూడేసి కొమ్మలు ఇస్తా, నాకు ఆరింట్లో ఒకటే బతికింది కదా.

నర్సరీ_నాగరాజు
కొమ్మకి మూడు కణుపులు ఉండాలి, కింద కోత కణుపుకి ఆనుకుని. పైన రెండాకులే ఉంచి వాటిని కూడా సగానికి కత్తిరించండి. తడి గుడ్డ అడుగున చుట్టి, కవర్ మూతి కట్టకుండా వదిలేయండి. బస్సులో ఉడికిపోకుండా వస్తాయి.